సమానుల పందెము

త్యాగరాయనగరు ఉస్మాన్ రోడ్డు వర్తకుల ఇండ్లలోను బుద్ధివికాసము తక్కువైన పిల్లలు లేకపోలేదు. అక్కకు పెండ్లిచూపులనాడు ఆ బిడ్డను మేడమీది గదిలో నుంచుట కలదు.

అట్టివారికై 1968లో చికాగో నగరమున యూనిస్ కెనెడీ ష్రైవర్ స్పెషల్ ఒలింపిక్స్ ఆరంభించెను. వయస్సును, శక్తిని చూచి సమానులకు సమానులతోనే పోటీ పెట్టుదురు. 2023 బెర్లిన్ క్రీడలలో మనదేశమువారు 202 పతకములు తెచ్చిరి.

అది జాలితో ఇచ్చు బహుమానమని కొందరందురు. బంగారమును గ్రాములలో, బియ్యమును బస్తాలలో తూచు వర్తకు డీ మాట అనరాదు. వరంగల్లు జిల్లా కల్లెడలోని కూలివారి బిడ్డ జీవంజి దీప్తిని అనాథాశ్రమమునకు పంపుడని ఊరివారు చెప్పిరి, తల్లిదండ్రులు పంపలేదు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో, మేధోవైకల్యము గలవారి పందెమున, ఆమె 400 మీటర్లు 55.82 సెకనులలో పరుగెత్తి మూడవదిగా వచ్చెను. ఆ వైకల్యము గల భారతీయులలో అచ్చట పతకము పొందిన మొదటి వ్యక్తి ఆమెయే. జాలియే అయినచో మొదటి బహుమానమే ఇచ్చియుందురు గదా!

పురుగు చచ్చునని సూర్యాస్తమయమునకు ముందే భుజించు ఇంట, బిడ్డను గదిలో దాచుట అహింస యగునా? పరుగెత్తగలదో లేదో తెలియుటకు బిడ్డ ముందు వీధిలోనికి రావలెను. వెంకటనారాయణ రోడ్డులోని నటేశన్ పార్కు ఎంతో దూరము కాదు.