పంక్తిలో చోటు

విజయవాడ పటమట మీదుగా బందరు రోడ్డు పట్టుకుని పోతే కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటాక మచిలీపట్నం వస్తుంది. ఆ ప్రాంతంలోని సీతారామపురంలో, రాబడి అంతంతమాత్రంగా ఉన్న ఒక రైతు ఇంట్లో, 1991లో మగపిల్లవాడు పుట్టాడు. పుట్టుకతోనే చూపు లేదు. బిడ్డను వదిలించుకోమని చుట్టుపక్కలవాళ్లు సలహా ఇచ్చారు. కన్నవాళ్లు వినలేదు. ఆ పిల్లవాడు శ్రీకాంత్ బొల్లా. అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి, తిరిగొచ్చి 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి, తనలాంటి వాళ్లెందరికో పని చూపించాడు. ఆయన జీవితం మీద హిందీలో తీసిన సినిమా 2024 మే నెలలో వచ్చింది.

ఈ కథను మనం ఎప్పుడూ చివరి నుంచి చెప్పుకుంటాం. ఇంత పెద్దవాడయ్యాడు కాబట్టి ఆ తల్లిదండ్రులు చేసింది మంచి పనే అంటాం. నా మనసు మాత్రం మొదటి వారం దగ్గరే ఆగిపోతుంది. పురిటి మంచం చుట్టూ చేరిన జనం తలో మాటా అంటున్నప్పుడు, ఆ దంపతుల చేతిలో ఉన్నది ఒక పసిబిడ్డ తప్ప ఇంకేమీ కాదు. ఎం.ఐ.టి. అన్న పేరు వాళ్లకి తెలిసే వీలే లేదు. వీడు ఏదో సాధిస్తాడన్న లెక్కతో ఉంచుకుని ఉండరు. శ్రీకాంత్ ఏ పెద్ద చదువూ చదవకుండా ఆ ఊళ్లోనే నులక మంచం మీద కూర్చుని పెరిగి ఉన్నా, వాళ్లు ఆ రోజు చేసింది అంతే గొప్ప పని అయ్యుండేది. ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి. లేకపోతే చూపు లేని ప్రతి బిడ్డా బతికినందుకు ఏదో ఒక ఘనకార్యం చేసి చూపించాల్సి వస్తుంది.

పటమట నుంచి ఆటోనగర్ గేటు, కామయ్యతోపు, కానూరు దాటితే తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. మన వైపు తల్లులు బిడ్డను ఒళ్లో పెట్టుకుని, రిపోర్టుల సంచి భుజాన వేసుకుని వచ్చే చోట్లలో అదొకటి. కొందరికి వైద్యం ఉంటుంది. పసిపిల్లల్లో శుక్లాలుంటే తొందరగా తీయించాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, ముఖ్యంగా 34 వారాల లోపు పుట్టినా రెండు కిలోల లోపు బరువున్నా, 30 రోజుల్లోపే కంటి నరం పొర చూపించాలి. ఆలస్యమైతే మిగలాల్సిన చూపు కూడా పోతుంది. కంటిపాప తెల్లగా మెరుస్తున్నట్టు కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. మరికొందరికి ఏ వైద్యమూ లేదని డాక్టరు మెల్లగా చెబుతారు. అప్పుడు ఇంటికొచ్చిన అమ్మాయిని అత్తవారు అడిగే మొదటి ప్రశ్న, ఇది ఎవరి వైపు నుంచి వచ్చిందని. మేనరికపు పెళ్లిళ్లలో కొన్ని కంటి జబ్బులు వచ్చే అవకాశం ఎక్కువన్నది నిజమే. అయితే అలాంటి జబ్బుల్లో చాలావాటికి జన్యువు అటు నుంచీ ఇటు నుంచీ కూడా రావాలి. పంచాయితీ పెట్టి ఒక్కరి మీదికి నెట్టడానికి అందులో చోటు లేదు. తర్వాతి బిడ్డ కోసం వైద్యుల సలహా తీసుకోవాలి. ఈ బిడ్డ కోసం స్నానానికి నీళ్లు కాచాలి.

చూపు లేని పసిబిడ్డ మొహంలో మనం వెతికేది దొరకదు. మనం నవ్వితే తిరిగి నవ్వదు, చూపు కలపదు. తల్లి మనసు అక్కడే చల్లబడిపోతుంది. సెల్మా ఫ్రైబర్గ్ అనే అమెరికన్ మనోవిశ్లేషకురాలు ఇలాంటి పసివాళ్లను ఏళ్ల తరబడి గమనించి 1977లో ఒక పుస్తకం రాశారు. మొహం పలకకపోయినా ఆ పిల్లల చేతులు పలుకుతాయని ఆమె కనిపెట్టారు. అమ్మ గొంతు వినగానే వేళ్లు కదులుతాయి, తెలిసిన బొమ్మ చేజారితే చెయ్యి దాన్ని తడుముతుంది. ఆ చేతుల్ని చదవడం నేర్పితే తల్లీబిడ్డల మధ్య పొత్తు కుదిరేదట. ఇంకో సంగతి కూడా ఆమె రాశారు. చూపున్న బిడ్డ నాలుగైదు నెలలకే గిలక్కాయ కోసం చెయ్యి చాపుతుంది. చూపు లేని బిడ్డ, చప్పుడు వినబడ్డ చోట ఒక వస్తువుంటుందని తెలుసుకుని చెయ్యి చాపేసరికి ఏడాది దగ్గర పడుతుంది. పాకడమూ ఆలస్యమే. ఎదురుగా ఏముందో తెలియని బిడ్డ ఎందుకోసం పాకాలి? ఈ ఆలస్యాన్ని మందబుద్ధి అనుకుని చంకన వేసుకు తిరిగితే బిడ్డ చంకలోనే ఉండిపోతుంది.

ఒక విషయంలో మన ఇళ్లు ఈ పిల్లలకు అనుకూలమైనవి. మనం చేత్తో తింటాం. వేడన్నం ఎక్కడుందో, ముద్దపప్పు ఎంత దాకా పారిందో, నెయ్యి కరిగిందో లేదో వేళ్లకు తెలిసిపోతుంది. పచ్చడి ఎప్పుడూ కంచంలో ఒకే చోట వేస్తే చాలు, బిడ్డ తనే వెతుక్కుంటుంది. చేప ముల్లు తీయడం కూడా అసలు వేళ్ల పనే, కళ్ల పని కాదు. అయినా పదేళ్లొచ్చినా ముద్దలు కలిపి నోట్లో పెట్టే ఇళ్లున్నాయి. ప్రేమతోనే పెడతారు, నాకు తెలుసు. ఆ ప్రేమ బిడ్డ చేతిలోంచి ఒక పని లాగేసుకుంటోంది.

మా కింది వాటాలో ఒక కుటుంబం ఉంటుంది. వాళ్ల రెండోవాడికి పుట్టుకతో చూపు లేదు. మొన్న వేసవిలో ఆవకాయ రోజున నేను వాళ్లింట్లోనే ఉన్నాను. పటమట రైతు బజార్ నుంచి తెచ్చి కొట్టించిన కాయలు చాప మీద కుప్ప పోసి ఉన్నాయి. అమ్మమ్మ అక్కకో గుడ్డ, తమ్ముడికో గుడ్డ ఇచ్చి కూర్చోబెట్టింది. వాడు ఒక్కో ముక్కా తీసుకుని, బొటనవేలితో లోపలి జీడి పెళ్లగించి, టెంకకు అంటుకున్న పలచటి పొర గోటితో లాగేసి, నాలుగు పక్కలా తుడిచి, చెంపకు ఆనించి తడి చూసుకుని గిన్నెలో వేస్తున్నాడు. ఆ చెంపకు ఆనించడం వాడు సొంతంగా కనిపెట్టుకున్నదే. ఒకచోట ఆగి, "అమ్మమ్మా, దీనికి టెంక లేదు, పక్కన పెట్టెయ్యనా?" అన్నాడు. టెంక లేని ముక్క జాడీలో మెత్తబడిపోతుందని వాడికి ఎవరో చెప్పే ఉంటారు. కాసేపటికి ఆవిడ గిన్నెలో చెయ్యి పెట్టి ఒక ముక్క తీసి వాడి చేతిలో పెట్టింది. "ఇది తడిగా ఉంది చూడు. మళ్లీ తుడువు. బూజు పట్టిందంటే ఏడాది పొడుగునా నీ పేరే చెప్పుకుంటాం."

పక్కింటావిడ గుమ్మంలో నిలబడి, "పాపం, వాడి చేత కూడా చేయిస్తున్నారా అండీ?" అంది. అమ్మమ్మ తలెత్తకుండానే, "తినేటప్పుడు వాడూ తింటాడుగా" అంది.

ఆ ముక్క మళ్లీ తుడవమన్న మందలింపులో ఎంత గౌరవం ఉందో! వాడి పనికి విలువుందని, చెడితే అందరి ఆవకాయా చెడుతుందని ఆ మాటకు అర్థం. జాలి ఉన్నచోట ఇలాంటి మందలింపు ఉండదు. వాడేం చేసినా భేష్ అంటారు, చెయ్యకపోయినా ఫరవాలేదంటారు. రెండూ వాడిని పంక్తిలోంచి లేపేసే మాటలే.

జాలి కాకపోతే పీట వేసి పూజ. దేవుడు ఒకటి తీసుకుంటే ఇంకోటి ఇస్తాడంటారు, వీడు పాడతాడా అని అడుగుతారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చిన్నప్పటి నుంచీ చూపు మందం. ఆయన వయొలిన్ ప్రసిద్ధి మనకు తెలుసు. ఆయనకు తొలి పాఠాలు చెప్పింది ఇంట్లో అన్నగారే అన్న సంగతి, ఆ తర్వాత ఆయన చేసిన సాధన ఎంతటిదన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. కళ్ల బదులు దేవుడు ఇచ్చాడనేసి అంత కష్టాన్నీ ఒక్క మాటలో తుడిచేస్తాం. పాట రాని పిల్లవాడు, లెక్కల్లో అత్తెసరు మార్కులు తెచ్చుకునే పిల్లవాడు, క్రికెట్ కామెంటరీ పిచ్చి తప్ప ఇంకే ప్రత్యేకతా లేని పిల్లవాడు చూపు లేకుండా ఉండకూడదా? చూపున్న పిల్లల్లో అలాంటివాళ్లు వీధికి పది మంది ఉన్నారు. వాళ్లందరికీ ఇంట్లో అన్నం పెడుతున్నాం, పెళ్లిళ్లు చేస్తున్నాం.

చదువు దగ్గర నాకు కొంచెం పట్టుదల ఎక్కువ. ఇప్పుడు ఫోనే అన్నీ చదివి వినిపిస్తోంది, బ్రెయిలీ ఎందుకంటున్నారు కొందరు టీచర్లు కూడా. ఫోను కావాల్సిందే. కానీ వినికిడి ఒక్కటే ఆధారమైతే బిడ్డకు 'శ'కీ 'ష'కీ తేడా ఎక్కడ తెలుస్తుంది? ఏ అక్షరం కింద ఏ ఒత్తుందో ఎవరు చెబుతారు? లూయీ బ్రెయిలీ మూడో ఏట తండ్రి తోలు పనిముట్ల మధ్య ఆడుకుంటూ కన్ను పొడుచుకున్నాడు. క్రమంగా రెండు కళ్లూ పోయాయి. గుర్రపు జీనులు కుట్టే ఆ తండ్రి, చెక్క మీద మేకులు కొట్టి అక్షరాల ఆకారం చేసి కొడుకు వేళ్లకు నేర్పాడు. ఆ కొడుకే 1824లో, 15 ఏళ్లకే, ఆరు చుక్కల లిపి తయారుచేశాడు. మన భాషలన్నిటికీ కలిపి 1951లో భారతి బ్రెయిలీ కుదిరింది. అందులో మన 'అ' ఒకే ఒక్క చుక్క, 'క' రెండు చుక్కలు. పలక మీద కాగితం బిగించి, స్టైలస్‌తో కుడి నుంచి ఎడమకు పొడిచి, తిరగేసి ఎడమ నుంచి కుడికి చదువుకుంటారు. అమ్మానాన్నలు కూడా నేర్చుకోగలిగినంత తేలిక అది. అమ్మ నేర్చుకుంటే పోపుల డబ్బా మీదా, మందు సీసాల మీదా పేర్లు అతికించవచ్చు. బిడ్డకు తన ఇల్లు తనే చదువుకోవడానికి వీలవుతుంది.

ఏ బడికి పంపాలన్నది మాత్రం ఒక్క మాటలో తేలేది కాదు. శ్రీకాంత్ ఆరేళ్ల వయసు నుంచి రెండేళ్లు అన్న చెయ్యి పట్టుకుని కిలోమీటర్ల కొద్దీ నడిచి ఊరి బడికి వెళ్లాడు. అక్కడ వెనక బెంచీయే దిక్కయింది, ఆటల పీరియడ్‌లో ఆడనివ్వలేదు. ఎనిమిదో ఏట తండ్రి ఆయన్ను హైదరాబాదులో దేవ్‌నార్ అంధుల పాఠశాలలో చేర్పించారు. ఈత, చదరంగం, గలగలమనే బంతితో క్రికెట్ అక్కడే అలవడ్డాయి. పదో తరగతి తర్వాత సైన్సు తీసుకుంటానంటే, బొమ్మలు చూడలేడు కాబట్టి కుదరదంది నిబంధన. ఒక టీచరు అండతో కోర్టుకెళ్లి ఆరు నెలలు పోరాడి గెలిచి, ఇంటర్‌లో 98 శాతం తెచ్చుకున్నాడు. అంత దూరం పంపినందుకు ఆ ఇంట్లో ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో మనం ఊహించుకోవాల్సిందే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 40 శాతం, అంతకు మించి లోపమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు ఇచ్చింది. పక్క బడైనా ప్రత్యేక పాఠశాలైనా ఎంచుకునేది మనమే. హాస్టల్‌కు పంపినవాళ్లు ప్రేమ లేనివాళ్లూ కాదు, ఇంట్లో ఉంచుకున్నవాళ్లు భయస్తులూ కాదు. సెలవులకు ఇంటికొచ్చిన బిడ్డ చుట్టపుచూపుగా వచ్చినట్టు కూర్చుంటే మాత్రం కొంచెం కలవరపడాలి.

అక్క గురించి ఒక మాట. మా కింది వాటా పిల్ల ఏడో తరగతి. తమ్ముణ్ణి ట్యూషన్‌కి తీసుకెళ్లాలి, తీసుకురావాలి, వాడి చెప్పులు వెతికిపెట్టాలి. నా తర్వాత నువ్వే కదే తల్లీ వాణ్ణి చూసుకోవాల్సింది అని వాళ్ల నాన్న అప్పుడప్పుడూ అంటుంటాడు. అది వినగానే ఆ పిల్ల మొహం పెద్దవాళ్ల మొహంలా అయిపోతుంది. పన్నెండేళ్ల పిల్ల నెత్తిన ఒక జీవితకాలపు బరువు పెట్టకూడదు. తమ్ముడి మీద ఆ పిల్ల విసుక్కోవచ్చు, పోట్లాడవచ్చు, వాడు టీవీ రిమోట్ దాచేస్తే వీపు మీద ఒకటి వేయనూ వచ్చు. ఆ స్వేచ్ఛ ఉంటేనే పెద్దయ్యాక కూడా ఇద్దరి మధ్యా అక్కాతమ్ముళ్ల వరస మిగులుతుంది. లేకపోతే యజమానురాలు, భారం అన్న వరస తయారవుతుంది.

అయినా ఆ నాన్న భయం అబద్ధం కాదు. మా తర్వాత ఎవరు అన్న ప్రశ్న లేని ఇల్లు ఇలాంటి ఇళ్లలో ఒక్కటీ ఉండదు. దానికి జవాబు ఒక మనిషి పేరు కానక్కర్లేదు, కొన్ని పనులు కావచ్చు. గ్యాస్ పొయ్యి చప్పుడును బట్టి మంట తగ్గించడం, తెల్ల కర్రతో దొంక రోడ్డు మలుపు దాకా ఒక్కడే వెళ్లి పాల ప్యాకెట్ తేవడం, పరిమాణం చూసి నోటును పోల్చుకోవడం. నెలనెలా వచ్చే ఆరు వేల దివ్యాంగుల పింఛను ఇంటి ఖర్చుల్లో కలిసిపోకుండా, ఎంతొచ్చింది, దేనికైందన్న లెక్క వాడికే అప్పజెప్పడం. పద్దెనిమిదేళ్లు నిండగానే బ్యాంకుకి తీసుకెళ్లి వాడి పేరునే ఖాతా తెరిపించడం. ఎవరైనా సంరక్షకుడు కావాలని కౌంటర్ దగ్గర అంటే ఒప్పుకోనక్కర్లేదు. చూపు లేనివాళ్లకు ఒప్పందం చేసుకునే హక్కు పూర్తిగా ఉందని, చెక్కు పుస్తకం, ఏటీఎం కార్డు, లాకరు అన్నీ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2008లోనే బ్యాంకులన్నిటికీ చెప్పింది.

ఇప్పటి నుంచే సంతకం నేర్పించమని వాళ్లమ్మతో అన్నాను. అట్టముక్కలో సంతకం పట్టేంత సన్నటి కంత కోసి, కాగితం మీద పెట్టి, ఆ కంతలోనే రాయించాలి. అంచులు వేలికి తగులుతుంటే గీత తప్పదు. వాడు తన పేరంతా రాస్తానని పట్టుబట్టాడు, ఇంటి పేరుతో సహా. అట్టముక్కలో కంత సరిపోక ఇంకోటి కోయాల్సి వచ్చింది.