కుండీలో మారిన చెట్టు

మా పాప రెండో తరగతి. పోయిన జూన్‌లో స్కూలు నుంచి ఒక చార్టు తెచ్చింది. పైన 'మన ఇంటి కూరగాయల తోట' అని, కింద గళ్లు: తేదీ, చెట్టు ఎత్తు, ఆకులెన్ని, ఫోటో. దసరా సెలవుల దాకా ప్రతి వారం నింపాలి. బెంగళూరులో మా ఫ్లాట్ బాల్కనీకి పొద్దున మాత్రమే ఎండ వస్తుంది. అయినా టమోటానే పెట్టాం. మాది నిమ్మనపల్లె. మదనపల్లె మార్కెట్‌కు టమోటాలు పంపిన ఇంట్లో పుట్టి బాల్కనీలో మెంతికూర పెడితే నాయన నవ్వుతాడు. విత్తనాలు అమ్మే పంపింది, నాటువి, పాత చీర పేలికలో మూటకట్టి.

అయిదో వారంలో చెట్టు చచ్చిపోయింది. పాప ప్రేమకొద్దీ రోజుకు మూడుసార్లు నీళ్లు పోసింది, వేరు కుళ్లింది. ఆ రాత్రి అది నిద్రపోయాక నర్సరీకి పోయి, దాదాపు అంతే ఎత్తున్న మొక్క కొనుక్కొచ్చి కుండీలో పెట్టేశాను. ప్రొడక్షన్‌లో ఏదైనా కూలితే యూజర్ నిద్రలేచేలోపు సరిచేయడం నా ఉద్యోగం. చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి. పొద్దున పాప స్కేలు పెట్టి కొలిచి కేకేసింది: "నాన్నా, అయిదు సెంటీమీటర్లు పెరిగింది!" రాత్రి వాన పడింది కదమ్మా, అందుకే అన్నాను.

మంచి చేశాననే అనుకున్నాను. ఏడేళ్ల పిల్లకు చావు గురించి చెప్పడానికి స్కూలు చార్టు చోటు కాదు కదా. కానీ రెండు మూడు రోజులకు ఎప్పుడో చదివిన రూసో 'ఎమిలీ' గుర్తొచ్చి ఇబ్బంది మొదలైంది. 1762లో వచ్చిన ఆ పుస్తకంలో కూడా ఒక పిల్లాడు తోటలో చిక్కుడు గింజలు నాటుతాడు. గురువు పక్కనే ఉండి, ఇది నీది, ఇందులో నీ కష్టం ఉంది అని నేర్పిస్తాడు. ఒకరోజు వచ్చి చూస్తే మొక్కలన్నీ పెరికేసి ఉంటాయి. తోటమాలి రాబర్ట్ పని అది. అడగబోతే అతనే ఎదురు తిరుగుతాడు: నేను ముందే పుచ్చ విత్తనాలు పెట్టిన నేల ఇది, మీ చిక్కుళ్ల కోసం వాటిని పాడుచేశారు అని. ఆస్తి అంటే ఏమిటో ఆ పిల్లాడికి తెలియడానికి గురువు పన్నిన పాఠం ఇది.

మొదటిసారి చదివినప్పుడు భలే పాఠం అనుకున్నాను. ఇప్పుడు రెండు విషయాలు గుచ్చుకుంటున్నాయి. ఒకటి, పిల్లాడి దుఃఖం కూడా గురువు ముందే రాసిపెట్టుకున్నది. అతను నష్టాన్ని ఏర్పాటు చేశాడు, నేను నష్టాన్ని దాచాను. ఇద్దరం పిల్లకూ మట్టికీ మధ్యలో దూరినవాళ్లమే. రెండోది ఇంకా ఇబ్బందికరం. ఆ కథలో నిజంగా సేద్యం చేసేవాడు రాబర్ట్. అతను అక్కడ ఉన్నది ఎమిలీకి పాఠం చెప్పడానికి మాత్రమే. అతని పుచ్చకాయల సంగతి ఎవరికీ పట్టదు.

ఇది నాకు ఎందుకు తగులుతుందంటే, పోయిన వేసవిలో పాపను నిమ్మనపల్లెకు తీసుకుపోయాను. నాయన చేలో కోత జరుగుతోంది. పాప ఒక బకెట్ పట్టుకుని పది టమోటాలు కోసింది, నేను పది ఫోటోలు తీశాను. రెండు సాళ్లవతల కూలికొచ్చిన ఒకామె కూతురు, మా పాపకన్నా ఏడాదో రెండేళ్లో పెద్దది, వాళ్లమ్మ వెనకాలే కోస్తూ పోతోంది. దాని చేతులు చూడకుండానే పండు వెతుక్కుంటున్నాయి. అదే చెట్టు, అదే పని. మా పాపది 'యాక్టివిటీ'. ఆ పిల్లది ఏమిటి? బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదంటుంది, బడి వేళలు కాకుండానో సెలవుల్లోనో సొంత కుటుంబానికి సాయం చేయడాన్ని మాత్రం మినహాయిస్తుంది. ఆ లెక్కన సొంత చేలో కోసిన మా పాపకు మినహాయింపు ఉంది. పరాయి చేలో కోసిన ఆ పిల్లకు లేదు. ఆ రోజు నేను ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ చేను మాదే, అది కూడా చెప్పాలి.

గాంధీ నయీ తాలీమ్ గురించి మనలాంటివాళ్లం ఇష్టంగా మాట్లాడతాం. 1937లో వార్ధాలో ఆయన అడిగింది బాల్కనీ తోట కాదు. పిల్లల చేతిపని నుంచి వచ్చే రాబడితో బడి ఖర్చు వెళ్లాలన్నాడు. ఆ ప్రణాళిక రాసిన జాకిర్ హుసేన్ కమిటీయే, డబ్బు వైపు చూస్తూ చదువును మరిచిపోయే ప్రమాదముందని హెచ్చరించింది. ఆ భయం న్యాయమైనదే. అయినా గాంధీ మాటలో ఒక మొండి నిజం ఉందనిపిస్తుంది. పిల్ల చేసిన వస్తువు ఎవరికో ఒకరికి నిజంగా అవసరమై ఉండాలి. మా కుండీలో కాయ కాయకపోతే మా ఇంట్లో ఎవరూ పస్తుండరు. యాప్‌లో నొక్కితే కాసేపట్లో కిలో టమోటాలు వస్తాయి. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు కూడా మేం కొనుక్కునే తిన్నాం.

నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు ఒక ఏడాది ధర ఎంత పడిపోయిందంటే, కోత కూలి, ఆటో బాడుగ కూడా రావని నాయన ఆవుల్ని చేలోకి తోలేశాడు. గట్టు మీద నిలబడి చూశాను. దాన్ని ఎవరూ నాకు పాఠంగా చెప్పలేదు. "పోయి సదువుకోపో" అన్నాడంతే. నా ఇంజనీరింగు చదువంతా ఆ ఒక్క మాట మీద నడిచింది. ఏ చేలోంచి నన్ను తరిమి కాపాడారో, దాన్నే ఇప్పుడు నేను కుండీ కొని, కోకోపీట్ పోసి నా కూతురికి విజ్ఞానంగా ఇస్తున్నాను. నాయనకు ఇది వింతగా ఉంటే ఆయన తప్పేం లేదు.

దసరాకు నాయన బెంగళూరు వచ్చాడు. చెట్టుకు అప్పటికి నాలుగు కాయలు, నున్నగా, కోలగా. పాప వాటిని అవ్వకు పంపాలని అట్టపెట్టె సిద్ధం చేసుకుంది. నాయన వంగి ఒక కాయ పట్టుకుని చూశాడు.

"ఇది మీ అమ్మ ఇచ్చిన గింజ కాదు గదరా."

నాటు కాయకు గాళ్లు పడి ఉంటాయి, అడుగు అణిగి ఉంటుంది. నేను ఆ మాత్రం ఆలోచించలేదు. ఇంజనీరునే, రైతు కొడుకునే.

ఆ సాయంత్రం పాపకు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కాసేపు చెట్టువైపు చూసి, "అయితే వానకు పెరగలేదా?" అంది. క్లాసులో అందరికీ చెప్పిందట, వాన పడితే ఒక్క రాత్రిలో టమోటా అయిదు సెంటీమీటర్లు పెరుగుతుందని. టీచరు మెచ్చుకుందట కూడా. చచ్చిన మొక్క కన్నా అదే దాన్ని ఎక్కువ కష్టపెట్టింది. నాకు ఆ అబద్ధం గుర్తు కూడా లేదు.

చార్టు తెచ్చి ముందు పెట్టింది. మొక్క మారిన రోజు ఏదని అడిగింది. చెప్పలేకపోయాను. ఫోన్‌లో పేమెంట్ల చిట్టా తిరగేస్తే దొరికింది, నర్సరీకి పంపిన అరవై రూపాయలు, జూలై 27, రాత్రి 8.40. ఆ గడిలో 'మొదటి చెట్టు చచ్చిపోయింది, నీళ్లు ఎక్కువయ్యాయి' అని రాసుకుంది. కాస్త ఆగి, పక్కనున్న ఎత్తు అంకెను కొట్టేసింది. తర్వాత తాత దగ్గరికి పోయి, రోజుకు ఎన్ని చెంబులు పొయ్యాలని అడిగింది.

"మట్టిలోకి వేలు పెట్టి సూడు, తడుంటే పొయ్యద్దు" అన్నాడు నాయన.