భయం ఎవరిది, బాణం ఏది?

2020, 2021 సంవత్సరాల్లో కరోనా సోకని ఇళ్లలోకి కూడా భయం వచ్చింది. నిద్ర పట్టకపోవడం, గుండె దడ, చిన్న దగ్గుకే బెదిరిపోవడం, రోజంతా టీవీలో కేసుల లెక్క చూస్తూ కూర్చోవడం మనందరికీ అనుభవమే. ఈ భయాన్ని ధమ్మ దృష్టితో ఎలా అర్థం చేసుకోవాలి?

సంయుత్త నికాయంలోని సల్ల సుత్తంలో తథాగతుడు రెండు బాణాల పోలిక చెప్పాడు. శరీరానికి కలిగే బాధ మొదటి బాణం. దానిమీద మనసు పడే శోకం, కలవరం రెండో బాణం. ధమ్మం తెలిసిన శ్రావకుడికి మొదటిదే తగులుతుంది. రేపు ఏమవుతుందో తెలియకపోవడం అనిత్యంలో భాగం. దాన్ని ఒప్పుకోని మనసు జవాబు కోసం వార్తలు వెతికి, దొరకక మరింత బెదురుతుంది. శ్వాసను గమనించడం, వార్తలకు ఒక వేళ పెట్టుకోవడం, తెలిసినదాన్నీ ఊహించుకున్నదాన్నీ వేరు చేసుకోవడం ఇక్కడ మేలు చేస్తాయి.

అయితే ఈ బోధను అందరికీ ఒకేలా చెప్తే అన్యాయమవుతుంది. 2020 మార్చి 24 రాత్రి, కేవలం నాలుగు గంటల గడువుతో లాక్‌డౌన్ ప్రకటించారు. పని పోయి, రైళ్లు ఆగిపోయి, పిల్లల్ని భుజాన వేసుకుని వందల కిలోమీటర్లు నడిచిన వలస కూలీల భయం మనసు కల్పించుకున్నది కాదు. అది మొదటి బాణమే. వారికి కావలసింది ధ్యానం గురించిన ఉపదేశం కాదు. బియ్యం, కూలి డబ్బులు, ఇల్లు చేర్చే బండి. మనిషి మనిషికి చేసే అన్యాయం దుఃఖానికి కారణమని బాబాసాహెబ్ అంబేడ్కర్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో మనకు వివరించారు. ఆ కారణాన్ని వదిలేసి మనసును మాత్రమే సరిచేసుకోమంటే బాధితుడిమీదే నేరం మోపినట్టు.

మరి మన పని ఏమిటి? అతిసారంతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువు కథ వినయ పిటకంలో ఉంది. నిన్ను ఎవరు చూసుకుంటున్నారని బుద్ధుడు అడిగాడు. ఎవరూ లేరని తెలిసి, ఆనందుడితో కలిసి స్వయంగా అతనికి స్నానం చేయించాడు. 1897లో పుణె ప్రాంతంలో ప్లేగు వచ్చినప్పుడు సావిత్రీబాయి ఫూలే రోగులకు సేవ చేస్తూ, అదే రోగం సోకి మరణించారు. రోగిని ముట్టుకోవడానికి జనం జంకే రోజుల్లో జరిగిన సేవ అది.

అంటరానితనం ఎరిగిన మనకు 'సామాజిక దూరం' అన్న మాట ఎలా వినిపించిందో చెప్పనక్కరలేదు. రోగం ఆపడానికి శరీరాల మధ్య దూరం చాలు. మళ్లీ ఇలాంటి కాలం వస్తే, మన విహారాలూ సంఘాలూ ప్రతి వాడలో బుద్ధుడి ప్రశ్నతోనే మొదలుపెట్టాలి: ఒంటరిగా ఉన్నవారు ఎవరు, వారిని ఎవరు చూసుకుంటున్నారు?