పిట్ట నెత్తిన సిలిండర్

వేల్స్‌లో ఒక బొగ్గు గని. లోపల మంటలు చెలరేగి ఆరాయి. ఎవరైనా బతికున్నారేమో చూడటానికి ఐదుగురు దిగారు. ముందు నడుస్తున్న ముసలాయన చేతిలో చిన్న పంజరం, అందులో పసుప్పచ్చ కెనరీ పిట్ట. వెనకాల దీపం పట్టుకున్న కుర్రాడికి ఈ పని కొత్త.

"దీపం నిక్షేపంగా వెలుగుతోంది, వాసనా లేదు. ఇక పిట్టెందుకు పెద్దాయనా?"

"మంట ఆరాక పుట్టే విషగాలికి రంగూ వాసనా ఉండవురా అబ్బాయ్. దీపానికి అది దొరకదు."

కాస్త దూరం పోయారో లేదో పిట్ట కూత ఆపేసింది. ఈకలు ఉబ్బించి కమ్మీ మీద అటూ ఇటూ ఊగింది. కాలి పట్టు తప్పి పంజరం అడుగున పడింది.

"పిడికెడు ప్రాణం, బెదిరి ఉంటుంది. ఇంకో పది గజాలు వెళ్దాం. లోపల మనవాళ్లున్నారు" అన్నాడు కుర్రాడు.

ముసలాయన బదులివ్వలేదు. పంజరం గుండ్రటి తలుపు మూసి, నెత్తినున్న బుల్లి ఆక్సిజన్ సిలిండర్ మర తిప్పాడు. ఆ తర్వాతే వెనక్కి తిరిగాడు. పైకొచ్చేసరికి పిట్ట కమ్మీ ఎక్కి కూర్చుంది. కుర్రాడు తల పట్టుకుని గోడవారన వాంతి చేసుకున్నాడు. మిగతావాళ్లు ఆక్సిజన్ పరికరాలు తగిలించుకుని మళ్లీ దిగారు.

నీతి: ముందు పడినవాడిది బలహీనత అనుకుంటే తర్వాతి వంతు మనదే. ఇంగ్లీషువాళ్లు 'బొగ్గుగనిలో కెనరీ' అనే మాటని ఇందుకే వాడతారు. మనమూ వాడుతున్నాం. ఫ్యాక్టరీ పక్క వీధిలో పిల్లలకి దగ్గు పట్టినా, చెరువులో చేపలు తేలినా కెనరీలంటూ పేరు పెట్టి, హెచ్చరిక అందుకుని మన దారిన పోతాం. మాటలో పిట్ట మిగిలింది, సిలిండర్ జారిపోయింది. నాకు నచ్చనిది అదే.

గనుల్లోకి పిట్టని తీసుకెళ్లమన్నది జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త, 1890లలో. పీల్చినప్పుడే కాదు, వదిలేటప్పుడూ పిట్ట ఊపిరితిత్తుల్లోకి కొత్త గాలి చేరుతుంది. అందుకే విషం దానికి మనకన్నా ముందు ఎక్కుతుంది. బ్రిటన్ గనుల్లో 200కు పైగా కెనరీలకి బదులు ఎలక్ట్రానిక్ పరికరాలు పెడతామని 1986లో ప్రకటించారు. అలాంటి పంజరం ఒకటి మాంచెస్టర్‌లోని సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో ఉంది. సిలిండర్ ఇప్పటికీ దాని నెత్తినే ఉంది.