గాలికి ఖాతా లేదు

నేను తిరుపతిలో ఒక ఆడిటరు దగ్గర లెక్కలు రాస్తాను. ఇల్లు చంద్రగిరిలో. మధ్య దూరం పదిహేను కిలోమీటర్ల లోపే. బస్సులున్నాయి, షేరు ఆటోలున్నాయి, ఇంట్లో స్కూటరూ ఉంది. అయినా సైకిల్లోనే పోతాను. ఎందుకని అడిగినవాళ్లకు ఆరోగ్యం కోసమని చెప్తాను. ఆ జవాబు విన్నాక ఎవరూ రెండో ప్రశ్న వేయరు. అసలు సంగతి వేరు. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల జమాఖర్చులు చూసేవాడికి, రోజులో కాసేపైనా సొంత పద్దు చూసుకోవాలని ఉంటుంది. నా పద్దు ఆ రోడ్డు మీదే ఉంది.

చంద్రగిరి మిట్ట, తిరుపతి పల్లం. స్వర్ణముఖి పారే దిక్కు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. తొండవాడ దాటి, తిరుచానూరు పక్కనుంచి, శ్రీకాళహస్తి గుడిని ఒరుసుకుంటూ తూర్పుగా సముద్రానికి పోతుంది. ఏట్లో నీళ్లు కనబడే రోజులు తక్కువ గానీ వాలు మాత్రం ఎప్పుడూ ఉంటుంది. పొద్దున ఆ వాలు నాకు అప్పిస్తుంది, సాయంత్రం వసూలు చేసుకుంటుంది. వడ్డీ లేదు, మాఫీ లేదు. ఎన్ని మీటర్లు దిగానో అన్ని మీటర్లే ఎక్కాలి. కర్మ సిద్ధాంతం నాకు ఏ ఉపన్యాసంలోనూ ఇంత శుభ్రంగా అర్థం కాలేదు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కేవాళ్లనూ, మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీద పాకేవాళ్లనూ చూసినప్పుడు, వాళ్లు కూడా ఈ వాలు లెక్కనే నమ్ముతున్నారనిపిస్తుంది. ఇంత కష్టం ఇటు రాశాం, అంత ఫలం అటు రావాలి.

తేడా వచ్చేది గాలి దగ్గర.

మా జిల్లాలో సైకిలు గురించీ గాలి గురించీ ఒకే వ్యాసంలో రాయడం కొంచెం ప్రమాదమే. ఒకటి ఒక పార్టీ గుర్తు, రెండోది ఇంకో పార్టీ ఫ్యానుకు దగ్గరి బంధువు. నేను చెప్పే గాలికి ఎన్నికల సంఘంతో పని లేదని ముందే మనవి చేస్తున్నాను. (మా జిల్లా అంటే చిత్తూరు. 2022లో విడగొట్టాక మేం తిరుపతి జిల్లాలోకి పోయాం గానీ ఇంకా నోరు తిరగలేదు.)

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాకు వానకంటే గాలే ఎక్కువ. పడమటి గాలి. సరిహద్దు మనుషులం కాబట్టి మాకు ఆషాఢంతో పాటు ఆడి నెల కూడా ఉంది. ఆడికృత్తికకు కావళ్లెత్తుకుని తిరుత్తణి పోతాం. 1960 దాకా అది మా జిల్లాలోదే. ఆడి గాలికి సన్నికల్లు కూడా ఎగిరిపోతుందని తమిళం వాళ్ల సామెత. పొద్దున నేను తూర్పుగా పోయేటప్పుడు ఆ గాలి నా వీపున ఉంటుంది. సాయంత్రం ఇంటిముఖం పట్టేటప్పటికి ఇంకా బలిసి మొహాన కొడుతుంది. నవంబరు నాటికి దిక్కు మార్చుకుని ఈశాన్యం నుంచి వస్తుంది, నా పొద్దులు కూడా తిరగబడతాయి.

గాలిని కొలిచే పెద్ద ఏర్పాటు మాకు పక్కనే ఉంది. పాకాల మండలం గాదంకిలో 1,024 యాంటెన్నాలు పరిచిన రాడారొకటి 53 మెగాహెర్ట్‌జ్ తరంగాలను ఆకాశంలోకి పంపి, కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు పోతోందో, ఎంత వేగంతో పోతోందో పసిగడుతుంది. రుతుపవనాల రోజుల్లో నా వీపును పడమటి గాలి తోస్తున్న వేళకే, పదిహేను పదహారు కిలోమీటర్ల పైన తూర్పు గాలి ఉరకలేస్తుంటుందట. పైవాడు ఎటు ఊదుతున్నాడో కింద తొక్కేవాడికి తెలిసే మార్గం లేదు. తారురోడ్డుకు నాలుగడుగుల ఎత్తున నా రొమ్ముకు తగిలే గాలి లెక్క మాత్రం నేనే రాసుకోవాలి.

రాసి చూశాను కూడా. గాలే లేని రోజు గంటకు పదిహేను కిలోమీటర్ల చొప్పున పోతే, పోవడానికొక గంట, రావడానికొక గంట అనుకుందాం. గాలున్న రోజు పోయేటప్పుడు వేగం అయిదు పెరిగి, వచ్చేటప్పుడు అయిదు తగ్గిందనుకుందాం. ఇచ్చిందీ పుచ్చుకున్నదీ సమానమే కదా, మొత్తం మళ్లీ రెండు గంటలే కావాలి. కాదు. పోవడానికి 45 నిమిషాలు, రావడానికి 90 నిమిషాలు. పావుగంట నష్టం. గాలి మోసం చేసి కాదు, ఎదురుగాలిలో మనం ఎక్కువసేపు ఉండాల్సి రావడం వల్ల. సుఖం త్వరగా దాటిపోతుంది, కష్టం దగ్గర కాలం సాగుతుంది. ఏ ఆడిటరూ సరిచేయలేని పద్దు ఇది.

ఇంతకంటే వింతైనది ఇంకోటుంది. గంటకు పదిహేను కిలోమీటర్ల గాలి వీపున ఉండగా నేను పద్దెనిమిదితో పోతున్నానంటే, నా మొహానికి తగిలేది మూడు కిలోమీటర్ల గాలే. అదే గాలికి ఎదురుగా పన్నెండుతో వస్తే తగిలేది ఇరవై ఏడు. గాలి ఆపే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి రెండింటి మధ్య తేడా తొమ్మిది రెట్లు కాదు, 81 రెట్లు. ఎదురుగాలి చెవుల్లో హోరుమంటుంది, చొక్కాను పట్టుకుని గుంజుతుంది, కళ్లలో దుమ్ము కొడుతుంది. తోసేగాలికి చప్పుడు కూడా ఉండదు. గాలితో సమానంగా పోయేవాడికి గాలి లేనట్టే ఉంటుంది, కాళ్లలో బలం మాత్రం ఉన్నట్టుంటుంది.

తిరుపతిలో ఇప్పుడు ఆదివారం సైక్లిస్టులు చాలామందే ఉన్నారు. హెల్మెట్లు, జారుడు బట్టలు, నా మూణ్ణెల్ల జీతమంత ఖరీదైన సైకిళ్లు. ఒక ఆషాఢ ఆదివారం వాళ్లతో కలిసి శ్రీకాళహస్తికి పోయాను. రేణిగుంట, ఏర్పేడు మీదుగా తూర్పుగా నలభై కిలోమీటర్ల లోపు దారి. ఆ రోజు అందరూ చిరుతపులులే. ఒకాయన కొత్త టైర్ల మహిమన్నాడు, ఒకాయన రాగిజావన్నాడు, ఇంకో ఆయన రెండు నెలల సాధన ఫలించిందన్నాడు. గాలి పేరు ఒక్కరూ ఎత్తలేదు. గుళ్లోకి పోయాం. పంచభూత లింగాల్లో అక్కడున్నది వాయులింగం. గర్భాలయంలోకి గాలి చొరబడే దారి లేకపోయినా ఒక దీపం రెపరెపలాడుతూ ఉంటుందని, అదే వాయువు ఉన్నాడనడానికి గుర్తని చెప్తారు. దణ్ణం పెట్టుకున్నాం. బయటికొచ్చి పడమటివైపు సైకిళ్లు తిప్పామో లేదో, “అబ్బా, ఏం గాలిరా సామీ!” అని అందరి నోటా ఒకటే మాట. ఇల్లు చేరేదాకా వేరే మాట లేదు. వాయుదేవుణ్ణి చూడ్డానికి వాయువు మీదే పోయి, పోయినంతసేపూ ఆయన్ని తలవని భక్తులం మేము.

మనుషుల ఈ గుణాన్ని గురించి డేవిడై, గిలోవిచ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2016లో ఒక పరిశోధన పత్రం రాశారు. ఎదురైన అడ్డంకులు గుర్తుండిపోతాయి, తోడ్పడినవి మరుగున పడతాయి, అందుకే కృతజ్ఞత కుదరదు అని వాళ్ల సారాంశం. వాళ్లు తీసుకున్న పోలిక కూడా ఈ రెండు గాలులే. అంతవరకూ నాకు ఒప్పే. కానీ వాళ్లు దాన్ని మనిషి మనసులోని లోపంగా చూశారు. నా అనుమానం ఏమిటంటే, లోపం మనసులో కాదు. అనుగ్రహమనేది ఉంటే, అది తగిలినప్పుడు తగిలినట్టు తెలియకపోవడమే దాని స్వభావమేమో.

ఈ మాట మా ఆఫీసులో ఉండే ఒక అయ్యంగారి దగ్గర ఎత్తాను. ఆయన తెంగలై. ఈ ఊళ్లో ఆ వాదం శతాబ్దాల నాటిది. వడగలై వాళ్లది మర్కట కిశోర న్యాయం. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి, అంటే జీవుడి ప్రయత్నం కొంతైనా కావాలి. తెంగలై వాళ్లది మార్జాల కిశోర న్యాయం. పిల్లిపిల్ల ఏమీ చేయనక్కర్లేదు, తల్లే నోట కరిచి తీసుకుపోతుంది. నేను అడిగింది ఇదీ: “తల్లి నోట్లో వేలాడుతూ పోయే పిల్లిపిల్ల, తన కాళ్లతోనే నడిచిపోతున్నాననుకుంటే ఎట్లా స్వామీ?”

ఆయన పెన్ను కూడా కింద పెట్టలేదు. “అనుకోనీవయ్యా. పిల్లి ఏమన్నా రసీదు అడిగిందా?” అన్నాడు.

పిల్లి పక్షం నుంచి చూస్తే జవాబు గట్టిదే. కోతి పక్షం కూడా మనం అనుకున్నంత బిగువైనది కాదు. వడగలై వాళ్లు ఆచార్యుడిగా కొలిచే వేదాంత దేశికులు ఈ తిరుమల కొండ మీది స్వామి గురించి ఒక శతకం రాశారు. ప్రయత్నం కావాలన్న పక్షానికి పెద్ద ఆయనే. ఆయన ఎవరిని సంబోధించి రాశాడయ్యా అంటే, స్వామిలోని దయను. పేరే దయాశతకం. పట్టు గురించి ఎంత వాదించినా, కొండ కనబడగానే ఆయనకు నోట వచ్చింది పట్టు మాట కాదు.

అయితే నాకు అడ్డం పడేది ఈ ఇద్దరూ కాదు, ఒక తాపీ మేస్త్రి. పొద్దున పేరూరు దగ్గర రోజూ ఎదురొస్తాడు. హ్యాండిలుకు సంచి, సంచిలో తాపీ, మట్టపలక. తిరుపతి నుంచి చంద్రగిరి వైపు పనికి పోతాడు. ఆషాఢంలో నేను చెయ్యెత్తి నవ్వుతూ పలకరిస్తే ఆయన తల మాత్రం ఊపుతాడు. మాట్లాడేంత ఊపిరి ఉండదు. సాయంత్రం ఆ దగ్గర్లోనే ఆయన నవ్వుతాడు, నేను తల ఊపుతాను. పొద్దున నాకు అనుగ్రహమైనది అదే నిమిషాన ఆయనకు శిక్ష. వీచేది ఒకటే గాలి.

బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఈ ప్రశ్న సూటిగానే వస్తుంది. ఒకరికి సుఖం, ఒకరికి దుఃఖం పెట్టే సృష్టికర్తకు పక్షపాతం, దయలేనితనం అంటవా? అంటవు, జీవుల కర్మను బట్టే అంతా అన్నది సమాధానం. శంకరులు భాష్యంలో వానను పోలికగా తెచ్చారు. వాన అన్ని పైర్లకూ ఒకటే, ఒకచోట వరి, ఒకచోట యవలు మొలవడం విత్తనాన్ని బట్టి. గట్టి పోలికే. కానీ మేస్త్రికీ నాకూ తేడా విత్తనంలో లేదు, దిక్కులో ఉంది. ఆయన ఇల్లు అటు, పని ఇటు. నాది ఇల్లు ఇటు, పని అటు. ఇది పూర్వజన్మ ఫలమే అయితే, నవంబరులో ఈశాన్య గాలి మళ్లగానే మా ఇద్దరి పూర్వజన్మలూ తారుమారు కావాలి.

అందుకని నేను ఒకచోటికి వచ్చి ఆగాను. అనుగ్రహం లేదనలేను. నెలల తరబడి అది నన్ను మోయడం లెక్కలో కనబడుతూనే ఉంది. కానీ అది నా పేరు మీద వచ్చింది కాదు. దానికి చిరునామా లేదు. నా యోగ్యత చూసి వీచలేదు, మేస్త్రి పాపం చూసి ఎదురు తిరగలేదు. ఇట్లా అంటే అయ్యంగారు ఒప్పుకోరు. పేరు తెలియని దయ దయెట్లా అవుతుంది, వాతావరణం అవుతుంది గానీ, అంటారు. కావచ్చు. మా ఇద్దరికీ అక్కడే చెడింది.

ఆయనకు చెప్పడానికి నా దగ్గరున్నది ఒక్క సంగతి. ఒక సాయంత్రం ఆడి గాలికి అడుగు పడక తంటాలు పడుతుంటే ముందొక ముసలాయన పాత హెర్క్యులెస్ సైకిలు మీద పోతున్నాడు. క్యారియరు మీద కసువు మోపు. రెండు చేతులు చాపినంత వెడల్పు. దాని వెనక్కి చేరాను. ఒక్కసారిగా చెవుల్లో హోరు ఆగిపోయింది. ఆదివారం సైక్లిస్టులు వంతులేసుకుని ఒకరి వెనక ఒకరు పోయేదీ ఇందుకే. ముందువాడి వీపు గాలిని కోస్తే వెనకవాడి శ్రమ బాగా తగ్గుతుంది. వాళ్లకు అది ఒప్పందం. ఇక్కడ ఒప్పందం లేదు. గేర్ల సైకిలు పెట్టుకుని నేను కసువు వాసన పీలుస్తూ హాయిగా పోతున్నాను.

కొంతదూరం పోయాక ఆయన వెనక్కి తిరిగి చూసినాడు. “ఏం సామీ, అంత మంచి బండి పెట్టుకోని నా ఎనకాల్నే వస్తాండావే? దాటుకోని పోరాదా?”

“గాలి తగలకుండా ఉందన్నా, నీ మోపు చాటున.”

ఆయనకు నవ్వాగలేదు. “నేను ఆవుకని కోసుకోని పోతాండా. దీంట్లో నీకొక వాటా ఉండాదని నాకేం తెలుసు!”

ఇదే మాట అయ్యంగారికి చెప్పాలని మనసులో రాసుకుంటుండగా ముసలాయన మళ్లీ తిరిగినాడు. ఊరికే మోసుకుపోవడం ఆయనకు నచ్చినట్టు లేదు.

“దినామూ ఈ టయానికే పోతా. కావాలంటే ఎనకాల రా. అయితే ఆ ముందర మిట్ట ఉండాదే, ఆడ నువ్వు దిగి నా బండిని ఒక తోపు తొయ్యాల. సరేనా?”

సరేనన్నాను. మిట్ట దగ్గరికొస్తుండగా ఆయన అప్పుడే బెల్లు కొడుతున్నాడు, దిగమని.