ముఖం ఎవరి కోసం? చీక్ లిఫ్ట్ ఆపరేషన్‌కు ముందు మనం ఆలోచించవలసినవి



ఈమధ్య మన ఫెలోషిప్‌లలో ఒక ప్రశ్న వినబడుతోంది. బైబిలు స్టడీలో ఎవరూ అడగరు. అది అయిపోయి అందరూ భోజనాలకు లేచాక, కిచెన్‌లోనో పార్కింగ్‌లోనో గొంతు తగ్గించి అడుగుతారు. "బుగ్గలు జారిపోయాయి, చీక్ లిఫ్ట్ చేయించుకుందామనుకుంటున్నా, తప్పంటావా?" అని. అడిగేవాళ్లలో 40, 50 దాటిన అక్కలు ఉన్నారు, అన్నయ్యలూ ఉన్నారు. బరువు తగ్గే ఇంజెక్షన్లు తీసుకున్నాక ఒళ్లు తగ్గింది గాని ముఖం పీక్కుపోయిందని బాధపడేవాళ్లూ ఉన్నారు.

ఈ ప్రశ్నకు మన దగ్గర రెండు జవాబులు తయారుగా ఉంటాయి. దేహం పరిశుద్ధాత్మకు ఆలయం కాబట్టి దేవుడిచ్చిన ముఖం మీద కత్తి పెట్టకూడదని ఒకరంటారు. ఆలయమే కదా, మరమ్మతు చేయించుకుంటే తప్పేముందని ఇంకొకరంటారు. ఇద్దరూ చూపించేది 1 కొరింథీయులకు 6వ అధ్యాయాన్నే. అక్కడ పౌలు మాట్లాడుతున్నది వ్యభిచారం గురించి, జారిన బుగ్గల గురించి కాదు. ఒకే మాట రెండు వైపులకూ పనికొస్తోందంటే, మనం వాక్యాన్ని వినడం మానేసి మనకు కావలసినది దానిచేత చెప్పిస్తున్నామేమో చూసుకోవాలి. కాబట్టి ముందు ఈ ఆపరేషన్ ఏమిటో తెలుసుకుందాం. తెలియకుండా చేయించుకోవడం ఎంత తప్పో, తెలియకుండా తీర్పు తీర్చడమూ అంతే తప్పు.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

వయసు పెరిగేకొద్దీ ముఖంలో ఎముక కొంత తరుగుతుంది. చర్మం కింద ఉండే కొవ్వు పలచబడి కిందికి జారుతుంది. దాన్ని పట్టి ఉంచే కణజాలం సడలుతుంది. కళ్ల కింద గుంటలు, ముక్కు పక్కనుంచి పెదవి మూల దాకా గాడి అందుకే వస్తాయి. చీక్ లిఫ్ట్‌ను మిడ్‌ఫేస్ లిఫ్ట్ అని కూడా అంటారు. జారిన ఆ భాగాన్ని పైకి లేపి లోపల కుట్లతో నిలబెడతారు. కోత కింది కనురెప్ప దగ్గర గాని, కణత పైన జుట్టులో గాని, నోటి లోపల గాని ఉంటుంది. కొందరికి పూర్తి మత్తు ఇస్తారు, కొందరికి నిద్రపుచ్చే మందు ఇస్తారు.

బయటికి కనిపించే వాపు, కమిలిన మచ్చలు సాధారణంగా రెండు మూడు వారాలుంటాయి. లోపలి వాపు పూర్తిగా దిగి అసలు రూపం తేలడానికి నెలలు పట్టవచ్చు. అంటే అద్దంలో నచ్చే ముఖం కనిపించే ముందు కొన్నాళ్లు నచ్చని ముఖాన్నే చూసుకోవాలి. చర్మం కింద రక్తం చేరడం, ఇన్ఫెక్షన్, తిమ్మిరి, రెండు బుగ్గలు సమంగా రాకపోవడం వంటి ఇబ్బందులు రావచ్చు. కింది కనురెప్ప దగ్గర కోత పెట్టినప్పుడు ముఖ్యంగా చూసుకోవలసింది ఆ రెప్ప కిందికి లాగుకుపోవడం. అలా జరిగితే కన్ను సరిగా మూతపడదు, ఎండిపోతుంది, మంట పుడుతుంది, ఒక్కోసారి మరో ఆపరేషన్ కావలసి వస్తుంది. ముఖాన్ని కదిలించే నరానికి దెబ్బ తగిలితే నవ్వు ఒక పక్కకు పోతుంది. చాలామందికి అది నెలల్లో సర్దుకుంటుంది, అరుదుగా కొందరికి ఉండిపోతుంది. మన రంగు చర్మంలో గాయం మానాక మచ్చ ఉబ్బెత్తుగా పెరిగే కీలాయిడ్ సమస్య తెల్లవారికంటే ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా అలా ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. సిగరెట్టు అలవాటు ఉంటే గాయం సరిగా మానదు, ముందే మానేయాలి. ఆస్పిరిన్, ఫిష్ ఆయిల్, విటమిన్ ఇ, మూలికల మందులు ఏం వాడుతున్నా దాచకూడదు. గుండె జబ్బుకు వాడే మందులను మాత్రం ఆ డాక్టరును అడగకుండా సొంతంగా ఆపకూడదు.

ఫలితం శాశ్వతం కాదు. కొన్నేళ్లు ఉంటుంది, వయసు మాత్రం ఆగదు. కత్తి లేకుండా ఫిల్లర్లు ఉన్నాయి, మన కొవ్వునే తీసి బుగ్గలో ఎక్కించే పద్ధతీ ఉంది. వాటికీ వాటి ప్రమాదాలున్నాయి. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి వెళితే అరుదుగా చూపు పోయే ప్రమాదం కూడా ఉంది. "ఇంజెక్షనే కదా" అనుకోవద్దు.

అమెరికాలో లైసెన్సు ఉన్న డాక్టరు ప్లాస్టిక్ సర్జరీలో ప్రత్యేక శిక్షణ లేకపోయినా కాస్మెటిక్ ఆపరేషన్లు చేయడానికి చట్టం సాధారణంగా అడ్డు చెప్పదు. కాబట్టి ఏ బోర్డు సర్టిఫికేషన్ ఉందో, చీక్ లిఫ్ట్‌లు క్రమంగా చేస్తున్నారో, తేడా వస్తే ఏ ఆసుపత్రిలో చేర్చుకుంటారో నోరు తెరిచి అడగాలి. అందం కోసం చేయించుకునేదానికి ఇన్సూరెన్స్ డబ్బు ఇవ్వదు. సర్జన్ చెప్పే ఫీజులో మత్తు డాక్టరు ఖర్చు, ఆపరేషన్ థియేటర్ ఖర్చు కలిసి ఉండకపోవచ్చు. తక్కువకు అవుతుందని హైదరాబాద్ వెళ్లేవాళ్లు అక్కడి సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. గాని తత్సమానమైన డిగ్రీ గాని ఉందో లేదో చూసుకోవాలి. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే అన్ని గంటల విమాన ప్రయాణం చేస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. తిరిగి వచ్చాక కుట్ల దగ్గర తేడా వస్తే చూసే డాక్టరు సముద్రం అవతల ఉంటాడు.

గోపురం కట్టేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకుంటాడని లూకా 14లో ప్రభువు చెప్పింది శిష్యులుగా ఉండడం గురించే. అయినా తెలివిగలవాడు ఎలా నడుచుకుంటాడో ఆ ఉపమానంలో ఉంది. లెక్క చూసుకోకుండా సంతకం పెడితే దాన్ని విశ్వాసం అనలేం.

ఇది గర్వమేనా?

ఇదే ఆపరేషన్‌ను ముఖ పక్షవాతం వచ్చినవాళ్లకూ చేస్తారు. ముఖం ఒక పక్క జారి కన్ను మూతపడనప్పుడు, బుగ్గను పైకి లేపి రెప్పకు ఆధారం ఇస్తారు. కోత కూడా చాలావరకు అక్కడే. ఒకరిది వైద్యం, ఒకరిది అలంకారం అని ఇన్సూరెన్స్ కంపెనీ గీత గీస్తుంది. మన మనస్సాక్షి కూడా సరిగ్గా ఆ గీత మీదే నిలబడాలా?

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ గురించి చాలామందికి తెలుసు. కుష్ఠు వ్యాధితో వంకరపోయిన చేతులను ఆపరేషన్ చేసి సరిచేసినవాడు. చేతులు బాగైనవాళ్లకు కూడా పని దొరకడం కష్టమయ్యేది. ముక్కు కుంగి, కనుబొమ్మలు రాలిపోయిన ముఖం చూసి జనం దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. అందుకని వేలూరులో ముక్కులు తిరిగి నిలబెట్టారు, కనుబొమ్మలు తిరిగి పెట్టారు. కనుబొమ్మ లేకపోతే మనిషి చచ్చిపోడు, చేతిపని ఆగదు. ఆ లెక్కన అది అందం కోసం చేసిన ఆపరేషనే. అయినా దాన్ని గర్వం అని మనలో ఎవరం అనం. అది కనికరం.

అందుకే రూపం కోసం చేసే ప్రతి ఆపరేషన్ పాపమని నేను ఒప్పుకోలేను. అయితే అదే కథలో ఇంకో సంగతి ఉంది. కనుబొమ్మలు పెట్టించుకున్నవాడికి నయమైంది, మరి అతణ్ణి దూరంగా నెట్టినవాళ్లకో? జబ్బు చూసేవాళ్ల కళ్లలో ఉంది, కత్తి కిందికి మాత్రం చూడబడినవాడు వెళ్లాడు. చీక్ లిఫ్ట్ విషయంలో మనం అడగవలసిన అసలు ప్రశ్న అక్కడ ఉందని నాకనిపిస్తుంది.

ఎవరి కళ్లతో చూసుకుంటున్నాం?

మా ఐటీ పనిలో రోజంతా వీడియో మీటింగులే. మన అమ్మమ్మలు పొద్దున జడ వేసుకునేటప్పుడు ఒకసారి అద్దం చూసుకునేవాళ్లు. మనం గంటల తరబడి తెర మీద మన ముఖాన్నే చూస్తున్నాం. దగ్గర నుంచి తీసినప్పుడు కెమెరాకు దగ్గరున్న ముక్కు పెద్దదిగా, వెనకున్న చెంపలు చిన్నవిగా కనబడతాయి. పైనుంచి పడే లైటు కళ్ల కింద నీడలు వేస్తుంది. కొందరు అసహ్యించుకునే ముఖం వాళ్ల ముఖం కానే కాదు, అది లెన్సు, లైటు కలిసి చేసిన బొమ్మ. ఆ బొమ్మను సరిచేయడానికి అసలు ముఖాన్ని కోయించుకునే ముందు, నాలుగు అడుగుల దూరం నుంచి ఎవరైనా ఆప్తులు తీసిన ఫొటో చూసుకోండి.

ఇంకొక లెన్సు మన సంఘంలోనే ఉంది. "ఏంటమ్మా, అలా పీక్కుపోయావ్, ఒంట్లో బాగుంటుందా?" "మీ చెల్లెలు నీకంటే చిన్నదిలా లేదే, అక్కలా ఉందే." "బ్రదర్, ఈ ఏడాది బాగా ముసలాడివైపోయావ్." ఆరాధన అయ్యాక కాఫీ కప్పు పట్టుకుని ఇలాంటి మాటలు నవ్వుతూ అనేస్తాం. ప్రేమతోనే అంటాం. కాని ఆ మాట ఇంటిదాకా వెళుతుంది, అద్దం ముందు నిలబడుతుంది, ఒక్కోసారి క్లినిక్ దాకా వెళుతుంది. ఆ తర్వాత ఆ అక్క ఆపరేషన్ చేయించుకుందని తెలిస్తే, యెజెబెలు కళ్లకు రంగు పూసుకున్న సంగతి (2 రాజులు 9:30) గుర్తు చేసేది కూడా మనమే. ముఖం మీద మాటలతో ముడతలు లెక్కపెట్టి, ఆ ముడతలు తీయించుకున్నందుకు తీర్పు తీర్చే హక్కు మనకు ఎక్కడిది?

ఎస్తేరు పుస్తకంలో 12 నెలల అలంకరణ ఉంది: ఆరు నెలలు గోపరస తైలం, ఆరు నెలలు సుగంధ ద్రవ్యాలు (ఎస్తేరు 2:12). నీకు ఇష్టమా అని ఆ అమ్మాయిలను ఎవరైనా అడిగినట్టు అక్కడ లేదు. అందం ఆమెను రాజు ఇంటికి చేర్చింది. తన ప్రజల కోసం ప్రాణానికి తెగించి లోపలికి అడుగు పెట్టినప్పుడు మాత్రం, ఆమె మూడు రోజుల ఉపవాసం తర్వాత వెళ్లింది. ఆ పూట ఆమె ముఖం ఎలా ఉందో మనకు తెలియదు, ఆమె ధైర్యం తెలుసు. మోషే సంగతి ఇంకా విచిత్రం. కొండ దిగినప్పుడు తన ముఖం వెలుగుతోందని అందరికీ తెలిసింది, ఆయనకు తప్ప (నిర్గమకాండము 34:29). ఆయన చూపు తన మీద లేదు. అలా తనను తాను మరచిపోగల స్వేచ్ఛను ఏ సర్జనూ ఇవ్వలేడు.

అయితే ఏం చేద్దాం?

ఆలోచిస్తున్నవాళ్లకు కొన్ని మాటలు. ఈ కోరిక ఏ రోజు మొదలైందో గుర్తు చేసుకోండి. ఒకరి మాట తర్వాత, విడాకుల తర్వాత, ఉద్యోగం పోయిన తర్వాత మొదలైతే ముందు ఆ గాయానికి మందు వెతకండి. కొన్ని నెలలు ఆగండి, బుగ్గలు ఎక్కడికీ పోవు. రోజులో గంటల తరబడి ముఖంలో లోపమే కనబడుతుంటే, ఇతరులకు అది కనబడకపోతే, అది బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అనే మానసిక ఇబ్బంది కావచ్చు. దానికి వైద్యం ఉంది. అలాంటివాళ్లకు ఆపరేషన్ తర్వాత కూడా సాధారణంగా తృప్తి కలగదు కాబట్టి మంచి సర్జన్లే వద్దంటారు. భర్తకు గాని భార్యకు గాని తెలియకుండా చేయించుకోకండి. మత్తు ఇచ్చే ఆపరేషన్, ఇంటి డబ్బు, రెండూ ఇద్దరివి. సంఘమంతటికీ చెప్పాల్సిన పని లేదు. ఒక్క నమ్మకమైన మనిషితో కలిసి ప్రార్థించండి. ఇంత చూసుకున్నాక, భయం లేకుండా, ఎవరినీ మెప్పించాలని కాకుండా, చేయించుకున్నా చేయించుకోకపోయినా మీరు ప్రభువుకు అంతే ప్రియమైనవారని నిశ్చయంగా నమ్ముతూ ముందుకెళితే, నేను మిమ్మల్ని ఆపను. ఆ నిశ్చయత లేకపోతే ఆపరేషన్ బాగా జరిగినా మీ అసలు బాధ అలాగే ఉంటుంది.

మిగతావాళ్లం చేయగలిగిన పని ఇంకా తేలిక, ఖర్చు లేనిది. వచ్చే ఆదివారం నుంచి ఎవరి ముఖం గురించీ, బరువు గురించీ, నెరిసిన జుట్టు గురించీ మాట్లాడకుండా ఉందాం. "ఎలా ఉన్నారు?" అని అడిగి, జవాబు చెప్పేదాకా ఆగుదాం. ఆపరేషన్ చేయించుకుని వాపు ముఖంతో ఇంట్లో కూర్చున్న అక్క ఉంటే, సంగతి ఆరా తీయకుండా ఒక గిన్నె రసం అన్నం తీసుకెళ్లి ఇచ్చి వద్దాం. మన మధ్య ఎవరూ తన ముఖాన్ని చూసి సిగ్గుపడనక్కరలేదని తెలిస్తే, ఆ ప్రశ్నను కిచెన్‌లో గొంతు తగ్గించి అడగాల్సిన అవసరం వాళ్లకు ఉండదు.