నగలును దేహమును

జూబిలీహిల్సు వీథులలో నగల యంగళ్ల మీది పటములనుండి సినీతారలు మెడనిండ హారములతో నవ్వుచుందురు. ఆ చెంతనే యున్న ఫిల్మ్‌నగరు వారి చిత్రములలో నటికి తొడుగునవి తఱచుగా గిల్టునగలే. ఆ చిత్రములలో బహుకాలమునుండి యొక దృశ్యము పరిపాటియైనది. భర్త మరణించును, పదవనాడు ముసలమ్మలు కూడి యామె గాజులు పగులగొట్టి, బొట్టు చెఱిపి, మెట్టెలు తీసి, తాళి తెంచుదురు. ప్రేక్షకులు కన్నీరు విడుతురు. దర్శకుడు చాలుననగానే నటి తన గాజులు తాను తొడిగికొని యింటికి బోవును. చూచి యేడ్చినవారి యింటనే యాపద కలిగినచో, ఆ యింటి కోడలిని మరల తొడిగికొనుమను వారెవరు?

సంస్కర్తలలో కొందఱు నగలనే మొత్తముగా నిందింతురు. మేమంత దూరము పోము. తొడుగుటకును తీయుటకును అధికారి యెవరన్నదే మా ప్రశ్న.

న్యాయస్థానముల దిరుగు మాకిందొక వింత తోచుచున్నది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీని తన సొత్తునకు సంపూర్ణ స్వామినిగా జేసినది. 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమున సుప్రీముకోర్టు, స్త్రీధనము భార్యదేయనియు, దాని నపహరించు భర్త నమ్మకద్రోహ నేరమునకు లోనగుననియు తీర్పు చెప్పెను. కావున వితంతువు తన కాసులపేరును అమ్ముకొనవచ్చును, కుదువబెట్టవచ్చును, కూతురి కీయవచ్చును. తన మెడలో వేసికొనుటకు మాత్రము లోకమొప్పదు! బంగారముపై హక్కు గలదు, మెడపై లేదు.

అవి భర్త యునికికి చిహ్నములు, అతడు పోగా చిహ్నమేలయని పెద్దలందురు. తాళియు మెట్టెలును పెండ్లితో వచ్చినవి, నిజమే. గాజులును బొట్టును పుట్టినింట ఊయలనాడే వచ్చినవి గదా! అవి యేల పోవలెను? భార్య పోయిన పురుషుడేమి తీయుచున్నాడు? అతని యుంగరము వ్రేలనే యుండును.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపిరి. ఆ మార్గమున వితంతువునకు నగలు మరల లభించెను గాని, రెండవ భర్త చేతి మీదుగా లభించెను. మరల పెండ్లి కోరనిదాని మాటయేమి? 2022 మే నెలలో మహారాష్ట్రమున కొల్హాపూరు జిల్లా హేర్వాడు గ్రామసభ, గాజులు పగులగొట్టుట మొదలగు ఈ కర్మకాండ నంతయు నిషేధించుచు తీర్మానించెను. వివాహమను నియమమే దానిలో లేదు. మన పంచాయతీలు దానిని తెప్పించుకొని చదువవచ్చును. ఫిల్మ్‌నగరువారును ఆ పాతదృశ్యమును మరల తీయబూనునపుడు, ముసలమ్మల కడ్డముగా నిలిచి, "వదినా, నీ చేతులు వెనుకకు తీసికొనుము" అను నాడపడుచు నొకతెను కథలో బెట్టవచ్చును.